మంచి సివిల్ వకీలు ఎక్కడ తయారవుతాడు?

(సొసైటీ వార్షిక సభలో ఒక సీనియర్ న్యాయవాది చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శి గారు ఫోన్ చేసి, "భాయ్‌సాబ్, చట్టం గురించి నాలుగు మాటలు చెప్పండి, కానీ సెక్షన్లు తగ్గించండి, భోజనాల వేళకు జనం లేచిపోతారు" అన్నారు. సెక్షన్లు తగ్గిస్తాను. లేచిపోవద్దని మాత్రం మనవి చేస్తున్నాను. ఎందుకంటే చివర్లో మిమ్మల్ని ఒకటి అడగబోతున్నాను.

నేను 1984లో బార్ కౌన్సిల్‌లో పేరు నమోదు చేసుకున్నాను. అప్పటి నుంచీ గుంటూరులో సివిల్ దావాలే నా వృత్తి. ఈ నలభై ఏళ్లలో మసీదు మెట్ల మీద, పెళ్లిళ్లలో, ఆసుపత్రి వరండాలో మనవాళ్లు నన్ను అడిగిన ప్రశ్న ఒకటే: "మంచి సివిల్ వకీలు ఎవరైనా ఉంటే చెప్పు." నాకు తెలిసిన పేర్లు చెబుతూ వచ్చాను. వయసు మీదపడే కొద్దీ నాకు ఇంకో ప్రశ్న పట్టుకుంది. ఆ మంచి వకీలు అసలు ఎక్కడి నుంచి వస్తాడు? ఏ ఇంటి నుంచి, ఏ చదువు నుంచి, ఎవరి దగ్గర పని నేర్చుకుని వస్తాడు? ఈ రోజు నా ప్రసంగమంతా దాని మీదే.

కోర్టు గుమ్మంలో వినపడే మాటలు ఒకసారి గుర్తు చేసుకోండి. వకీలు, వకాల్తా, దావా, హక్కు, వారసుడు, దస్తావేజు, జప్తు, అమీనా, మున్సిఫ్, రాజీ. అరబ్బీ నుంచి, పారశీకం నుంచి వచ్చి తెలుగులో కలిసిపోయిన మాటలివి. మా అమ్మీ వంటింట్లో వాడిన మాటల్లో సగం కోర్టు హాల్లో విన్నాను. కానీ సివిల్ దావా నడిపే మన పిల్లల కోసం బార్ అసోసియేషన్ గదిలో వెతికితే వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. మాటలు మన ఇంటివే, కుర్చీలు మాత్రం ఖాళీ.

ముందు పెద్దల సంగతి చూద్దాం. వకీళ్లు మూడు దారుల్లో పైకి రావడం మనకు చరిత్రలో కనపడుతుంది.

ఒకటి, ఇంటి దారి. బద్రుద్దీన్ త్యాబ్జీ 1867లో బొంబాయి హైకోర్టులో మొదటి భారతీయ బారిస్టరుగా ప్రాక్టీసు మొదలుపెట్టారు. అప్పటికే ఆయన అన్న కమరుద్దీన్ సొలిసిటరుగా ఉన్నారు. ఇంట్లో ఒకరు ముందే దారి వేసి ఉంచారన్నమాట. అలాంటి ఇంట్లో పుట్టిన పిల్లవాడికి మొదటి కేసు ఎక్కడి నుంచి వస్తుందన్న బెంగ ఉండదు.

రెండోది, గురువు దారి. టంగుటూరి ప్రకాశం పంతులు గారికి పదకొండో ఏట తండ్రి పోయారు. తల్లి ఒంగోలులో పూటకూళ్ల ఇల్లు నడిపి పిల్లల్ని పెంచింది. ఇమ్మానేని హనుమంతరావు నాయుడు గారనే ఉపాధ్యాయుడు ఆ కుర్రవాడిని చేరదీసి, తనతో రాజమండ్రి తీసుకువెళ్లి చదివించారు. ప్రకాశం గారు మొదట అక్కడే సెకండ్ గ్రేడ్ ప్లీడరు. పెద్ద కోర్టుల్లో వాదించే అర్హత ఆ గ్రేడుకు లేదు. 1904లో ఇంగ్లండు వెళ్లి బారిస్టరై వచ్చి మద్రాసు హైకోర్టులో పేరు తెచ్చుకున్నారు. తర్వాత ఆయన ఆంధ్ర రాష్ట్రానికి మొదటి ముఖ్యమంత్రి అయిన సంగతి మీకు తెలుసు. అందులో ఆ ఉపాధ్యాయుడి వాటా ఎంతో లెక్క కట్టగలమా?

మూడోది, సీనియర్ దారి. అల్లాడి కృష్ణస్వామి అయ్యర్ గారు 1883లో నెల్లూరు జిల్లా పూడూరులో ఒక అర్చకుడి ఇంట పుట్టారు. మద్రాసులో పి.ఆర్. సుందరం అయ్యర్ గారి దగ్గర జూనియరుగా పని నేర్చుకున్నారు. 1929 నుంచి 1944 వరకు మద్రాసు అడ్వొకేట్ జనరల్‌గా ఉన్నారు. రాజ్యాంగ ముసాయిదా కమిటీలో సభ్యులయ్యారు.

ఈ మూడింటిలో మొదటిది అల్లా ఇచ్చేది, మనం కోరి తెచ్చుకోలేం. మిగతా రెండూ మనుషుల చేతిలో ఉన్నాయి.

జిల్లా కోర్టుల్లో నేను చూసిన మంచి సివిల్ వకీళ్ల పుట్టుపూర్వోత్తరాలు ఇంకా చిత్రంగా ఉంటాయి. ఒకాయన తండ్రి రిజిస్ట్రేషన్ ఆఫీసు ముందు చెట్టు కింద కూర్చుని దస్తావేజులు రాసేవాడు. ఇంకొకాయన కరణాల ఇంటి బిడ్డ, అడంగల్ చూడటం ఆయనకు అక్షరాభ్యాసంతోనే వచ్చింది. మరొకాయన ఇరవై ఏళ్లు వకీలు గుమాస్తాగా పనిచేస్తూ సాయంత్రం కాలేజీలో లా చదివి నల్లకోటు వేసుకున్నాడు. బ్యాంకులో పనిచేసి వచ్చినవాళ్లు తాకట్టు దావాల్లో దిట్టలు. బడిపంతులు ఉద్యోగం వదిలి వచ్చినాయన సాక్షిని ప్రశ్నలు అడుగుతుంటే పిల్లవాడికి లెక్క చెప్పినట్టే ఉండేది. అంటే పుట్టుక ఏదైనా కావచ్చు. కానీ వీళ్లందరిలో ఒకటి సమానం. ప్రతి ఒక్కరూ ఏదో ఒక సీనియర్ ఆఫీసులో మూడు నుంచి ఏడేళ్లు కాగితాల మధ్య గడిపినవాళ్లే.

అది ఎందుకు అవసరమో చెబుతాను. సివిల్ ప్రొసీజర్ కోడ్ 1908 నాటిది. అందులో 158 సెక్షన్లు, 51 ఆర్డర్లు. సెక్షన్లు కాలేజీలో చెబుతారు. ఆర్డర్లు మాత్రం సీనియర్ గారి టేబులు పక్కన నిలబడితేనే వస్తాయి. డిక్రీని అమలు చేయించుకునే 21వ ఆర్డరు ఒక్కదాంట్లోనే 106 రూల్స్ ఉన్నాయి. దావా గెలిచాక కూడా ఇల్లు చేతికి రాని మనుషులు ఎందుకుంటారో ఆ 106 రూల్స్ తిరగేస్తే అర్థమవుతుంది.

మా సీనియర్ గారి దగ్గర చేరిన మొదటి నెలలో నాతో వాయిదాలు అడిగించారు, నకళ్లకు దరఖాస్తులు పెట్టించారు, అంతే. రెండో నెలలో ఒక పాత ఖరారు చేతికిచ్చి "ఏం కనపడింది?" అన్నారు. పైనుంచి కిందికి చదివి చెప్పాను. "వెనక్కి తిప్పు" అన్నారు. స్టాంపు కాగితం వెనక వెండరు రాసిన తేదీ ఉంది. ఖరారు మీద వేసిన తేదీ కంటే అది మూడు నెలలు తర్వాతది. ఇంకా అమ్ముడుపోని కాగితం మీద ఖరారు రాశారన్నమాట! దావా సగం అక్కడే తేలిపోయింది. ఆ చూపు ఏ పుస్తకమూ నేర్పదు.

ఇప్పుడు నా తప్పు ఒకటి మీ ముందు పెడతాను. ఇన్నేళ్లుగా సభల్లో చెప్పలేదు.

నేను ఆ ఆఫీసులో ఉన్నది ఎనిమిది నెలలే. అప్పట్లో జూనియరుకు జీతమనే మాటే లేదు. పండగకు సీనియర్ గారు బట్టలు పెట్టేవారు. మా అబ్బా కుట్టు మిషను మీద వచ్చేదానితో ఏడుగురం తినాలి. చెల్లెలి పెళ్లి కుదిరింది. ఇక ఆగలేక, మా వీధి చివర సొంతంగా బోర్డు పెట్టేశాను. సీనియర్ గారు "ఇంకో రెండేళ్లు ఆగవయ్యా, పచ్చి కుండలో నీళ్లు పోస్తున్నావు" అన్నారు. నా చెవికెక్కలేదు.

1986లో ఒక వితంతువు వచ్చింది. మా అమ్మీకి తెలిసినావిడ, నేను ఖాలా అని పిలిచేవాడిని. భర్త పేర ఆరు సెంట్ల స్థలం, దాంట్లో చిన్న పెంకుటిల్లు, ఇద్దరు పిల్లలు. భర్త పోయిన ఏడాదికి ఆయన అన్న వచ్చి మూడు సెంట్లలో గోడ కట్టేసి, "ఇది నాదే, తమ్ముడు బతికుండగానే నాకు రాసిచ్చాడు" అన్నాడు. నేను ఉత్సాహంగా మర్నాడే దావా వేశాను. ఏమని? "ప్రతివాది మా స్వాధీనంలోకి జొరబడకుండా ఇంజంక్షన్ ఇవ్వండి" అని. కోర్టు ఫీజు తక్కువ, పని తేలిక అనుకున్నాను.

నా బుర్రకు తట్టనిది ఇదీ. గోడ అప్పటికే లేచింది. ఆ మూడు సెంట్లు ఆవిడ స్వాధీనంలో లేవు. పైగా అతను హక్కునే కాదంటున్నాడు. అలాంటప్పుడు ఉత్త ఇంజంక్షన్ దావా నిలవదు. "స్థలం మాదేనని ప్రకటించండి, స్వాధీనం ఇప్పించండి" అని అడగాలి. ఏ దావా ఎప్పుడు వేయాలన్న ఈ తేడాను 2008లో సుప్రీంకోర్టు చాలా స్పష్టంగా విడమరిచి చెప్పింది. అది కూడా మన వరంగల్ నుంచి వెళ్లిన ఇళ్ల స్థలాల తగాదాలోనే. కానీ 1986లో కూడా ఈ సంగతి మా సీనియర్ గారి ఆఫీసులో టీ తెచ్చే కుర్రవాడికి సైతం తెలుసు. ఇంకొక్క ఏడాది అక్కడే ఉంటే నాకూ తెలిసేది.

అయిదేళ్లు నడిచి 1991లో దావా కొట్టేశారు. కోర్టు బయట వేపచెట్టు కింద ఆవిడకు విషయం చెప్పాను. ఏడవలేదు, తిట్టలేదు. "అంటే బేటా, మళ్లీ మొదటి నుంచా?" అని అడిగింది. ఆ మాట ఇవాళ్టికీ నా చెవిలో ఉంది.

మళ్లీ మొదటి నుంచే. సిగ్గు విడిచి సీనియర్ గారి కాళ్ల దగ్గరికి వెళ్లాను. ఆయన ఫీజు తీసుకోకుండా 1992లో కొత్త దావా రాయించారు. 1999లో లోక్ అదాలత్‌లో రాజీ కుదిరింది. మూడు సెంట్లకు గాను ఒక సెంటు, కొంత డబ్బు వచ్చాయి. పదమూడేళ్లు పట్టింది. పెద్ద కొడుకు చదువు మధ్యలో మానేసి పనిలోకి వెళ్లాడు. చట్టంలో లోపం లేదు, జడ్జి గారిలో లోపం లేదు. పచ్చి కుండ చేతిలో పెట్టుకుని ఆ తల్లి ఇంటి నీళ్లు పోశాను నేను.

మన సముదాయానికి ఈ నష్టం రెండు చోట్ల ఎక్కువ తగులుతుంది. ఒకటి వారసత్వం, రెండు వక్ఫ్.

వారసత్వం సంగతి చూడండి. మన చట్టంలో ఉమ్మడి కుటుంబం అనేది లేదు. మనిషి కన్నుమూసిన క్షణంలోనే ఆస్తి వారసుల మధ్య వాటాలుగా పడుతుంది. ఒకాయన భార్యను, ఒక కొడుకును, ఒక కూతురిని వదిలి పోయాడనుకోండి. సున్నీ లెక్క ప్రకారం ఆస్తిని 24 పాళ్లు చేస్తే భార్యకు 3, కొడుక్కి 14, కూతురికి 7. హిందూ కుటుంబాల భాగపంపిణీ దావాలు రాసి రాసి అలవాటైన వకీలు, ఎంత సమర్థుడైనా, చేతి వాటున "ఉమ్మడి కుటుంబ ఆస్తి, సమాన వాటాలు" అని రాసేస్తే దావా పునాదే ఒరిగిపోతుంది. నోటిమాటగా ఇచ్చే హిబా కూడా అంతే. ఇస్తున్నానన్న ప్రకటన, పుచ్చుకోవడం, స్వాధీనం అప్పగించడం, ఈ మూడూ రుజువైతే రిజిస్ట్రేషన్ లేకపోయినా చెల్లుతుందని 2011లో సుప్రీంకోర్టు మన రాష్ట్రం నుంచి వెళ్లిన కేసులోనే చెప్పింది. ఆ మూడింటికీ సాక్ష్యం ఎలా పేర్చాలో తెలిసిన వకీలు కావాలి.

దీనికి మతంతో ముడి లేదని కూడా చెప్పాలి. మనమంతా చేతిలో పట్టుకుని తిరిగే మహమ్మదీయ న్యాయసూత్రాల పుస్తకం రాసిన దిన్షా ముల్లా గారు పార్సీ. నాకు పని నేర్పిన సీనియర్ గారు నిష్ఠగల బ్రాహ్మణుడు. భార్యకు ఎనిమిదో వంతు అన్న లెక్క నాకు మొదట చెప్పింది ఆయనే. నేర్చుకోవాలనే బుద్ధి ఉంటే ఎవరైనా నేర్చుకోవచ్చు, ఎవరి దగ్గరైనా నేర్చుకోవచ్చు.

ఇక వక్ఫ్. 1995 చట్టంలో 107వ సెక్షను ఉండేది. వక్ఫ్ స్థలాన్ని తిరిగి స్వాధీనం చేసుకునే దావాకు కాలదోషం లేదని దాని సారాంశం. 2025 సవరణ చట్టం ఆ సెక్షన్ను మార్చి, ఆ మినహాయింపును తీసేసింది. అంటే సాధారణ కాలపరిమితి చట్టమే ఇకపై కొలబద్ద. స్థిరాస్తి స్వాధీనానికి ఆ చట్టం ఇచ్చేది 12 ఏళ్లు. ఇదివరకు "ఎప్పుడో ఒకప్పుడు చూద్దాంలే" అని ముతవల్లీలు ఊరుకున్నా గడిచిపోయేది. ఇప్పుడు క్యాలెండరు చూసే వకీలు లేకపోతే ఖబరస్తాన్ స్థలం కూడా చేజారవచ్చు. కోపంతో, ఊరేగింపులతో ఆ స్థలం నిలవదు. సర్వే నంబరు, గెజిట్ నకలు, పన్ను రసీదులు వేళకు దాఖలు చేసేవాడి చేతిలో నిలుస్తుంది.

మీలో ఎవరికైనా సివిల్ తగాదా వస్తే వకీలును ఎలా ఎంచుకోవాలో కూడా చెప్పి ముందుకు వెళతాను. బోర్డు మీద డిగ్రీలు చూడకండి. "ఎవరి ఆఫీసులో పని నేర్చుకున్నారు, ఎన్నేళ్లు ఉన్నారు?" అని అడగండి. "సాక్షులను మీరే విచారిస్తారా, ఇంకెవరికైనా అప్పగిస్తారా?" అని అడగండి. మొదటి రోజే తగాదా మొదలైన తేదీ అడిగాడా లేదా గమనించండి. తేదీ అడిగితే కాలదోషం గురించి ఆలోచిస్తున్నాడని అర్థం. అసలు దస్తావేజులు తెమ్మన్నాడా, జెరాక్సులు చూసి సరే అన్నాడా? ఓడిపోయే అవకాశం గురించి, రాజీ గురించి ఒక్క మాటైనా అన్నాడా? "మీకెందుకు, నేను గెలిపిస్తా" అన్నవాడికి నమస్కారం పెట్టి లేచి రండి. ఆడవాళ్లకు ఇంకో మాట. జిల్లా న్యాయసేవాధికార సంస్థ ద్వారా ఉచితంగా వకీలును పొందే హక్కు ప్రతి స్త్రీకీ ఉంది. దానికి ఆదాయంతో నిమిత్తం లేదు.

ఇప్పుడు అడగాల్సింది అడుగుతాను.

మన సొసైటీ ఇంజనీరింగ్ పిల్లలకు ఫీజులు కడుతోంది. ఎంబీబీఎస్ పిల్లలకు పుస్తకాలు కొనిస్తోంది. అల్లా మీ సంపాదనలో బర్కత్ ఇవ్వాలి. లా చదివే పిల్లలకు కూడా ఒకరిద్దరికి ఫీజు కట్టాం. అయితే లా పిల్లవాడి కష్టం ఫీజుతో తీరదు. ఇంజనీరు పట్టా పుచ్చుకున్నాక ఉద్యోగంలో చేరతాడు. వకీలుకు పట్టా పుచ్చుకున్నాకే ఆకలి మొదలవుతుంది. కాలేజీకి సాయం చేసి, పట్టా చేతికి రాగానే చేయి వదిలేస్తే, నాలాగే ఎనిమిదో నెలలో బోర్డు పెట్టేస్తాడు. లేదా నల్లకోటు మడిచి పెట్టెలో పెట్టి ఏ ఫైనాన్సు కంపెనీలోనో వసూళ్లకు తిరుగుతాడు.

నమోదు రుసుము భారం ఇప్పుడు తగ్గింది. చట్టంలో రాసిన 750 రూపాయలకు మించి తీసుకోరాదని 2024 జులైలో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. అదే ఏడాది అక్టోబరులో భారత బార్ కౌన్సిల్, జూనియర్లకు నగరాల్లో నెలకు 20,000, గ్రామీణ ప్రాంతాల్లో 15,000 రూపాయలు ఇవ్వాలని సిఫారసు చేసింది. సిఫారసే, నిర్బంధం కాదు. జిల్లా కోర్టులో చాలామంది సీనియర్లకు అంత ఇచ్చే శక్తి లేదు. ఇక 2025 మే 20న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు, జూనియర్ సివిల్ జడ్జి పోస్టుకు పోటీపడాలంటే మూడేళ్ల ప్రాక్టీసు ఉండాలంది. జడ్జి కావాలన్నా, వకీలుగా నిలబడాలన్నా ఆ మూడేళ్లు గట్టెక్కాల్సిందే. ఉన్నవాళ్ల పిల్లలు గట్టెక్కుతారు. లేనివాళ్ల పిల్లల సంగతి ఎవరు చూడాలి?

నా ప్రతిపాదన ఇది. ఏటా కొత్తగా నమోదైన ఇద్దరిని ఎంచుకుందాం. అందులో ఒకరు అమ్మాయి కావాలి. ఆ ఖాలా లాంటి తల్లులు మగ వకీలుకు చెప్పుకోలేని విషయాలు చాలా ఉంటాయి. ఒక్కొక్కరికి నెలకు 15,000 చొప్పున మూడేళ్లు ఇద్దాం. ఒక్కరికి మొత్తం 5,40,000 రూపాయలు అవుతుంది. షరతులు మూడు. సివిల్ వైపు అనుభవమున్న సీనియర్ దగ్గరే మూడేళ్లూ ఉండాలి, ఆ సీనియర్ ఏ మతం వారైనా సరే. రోజువారీ పని డైరీ రాసి ఆరు నెలలకోసారి మన కమిటీకి చూపించాలి. సొంత ప్రాక్టీసు పెట్టిన తర్వాత ఏడాదికి రెండు పేదవాళ్ల దావాలు ఫీజు లేకుండా నడపాలి.

ఒక హాలు కడితే గోడ మీద దాత పేరు చెక్కిస్తాం. ఈ పనికి అలాంటి గోడ ఏదీ ఉండదు. ఎక్కడో ఒక కోర్టులో ఒక వితంతువు దావా మొదటిసారే సరిగ్గా దాఖలవుతుంది, అంతే. ఆ దావా పత్రంలో మీ పేరు ఉండదు. ఆవిడకు మీరెవరో కూడా తెలియదు.

మొదటి జూనియరుకు మూడేళ్ల ఖర్చు నేను పెట్టుకుంటాను. చెక్కు ఇవాళే కోశాధికారి గారికి ఇస్తున్నాను. దీన్ని దానమనుకోకండి, నా పాత బాకీ ఇది. ఆ ఖాలా ఇప్పుడు లేరు. ఆ బాకీ ఆవిడకు తీర్చలేను కాబట్టి ఇంకొకరి చేతికి తీరుస్తున్నాను. రెండో జూనియరు బాధ్యత ఎవరు తీసుకుంటారో భోజనాల దగ్గర చెప్పండి, అక్కడే ఉంటాను.